వినడం ఒక పనిగా: విక్రమ్ సారాభాయ్ నాయకత్వ జీవితం

తిరువనంతపురం శివార్లలోని తుంబా సముద్రతీరంలో, 1960వ దశకంలో ఒకనాడు, ఒక చిన్న ప్రదర్శన విఫలమైంది. రాకెట్ కొనన ఉండే శంఖాకారపు తొడుగు నిర్ణీత క్షణంలో ఊడి పక్కకు తొలగిపోవాలి. అందుకు కావలసిన అమరికను అక్కడి యువ ఇంజినీర్లు స్వయంగా రూపొందించారు. అహ్మదాబాద్ నుంచి వచ్చిన విక్రమ్ సారాభాయ్ చేత మీట నొక్కించి దాని పనితీరు చూపించాలని వారి ఉత్సాహం. ఆయన మీట నొక్కారు. తొడుగు కదలలేదు. ప్రమోద్ కాలే అనే ఇంజినీరు మధ్యలో ఉన్న టైమర్‌ను తప్పించి తీగలను నేరుగా కలిపాడు. రెండోసారి నొక్కగానే తొడుగు ఎగిరిపడింది. సారాభాయ్ అందరినీ అభినందించారు కానీ, ఆయన మనసు మరెక్కడో ఉన్నట్టు ముఖమే చెప్పింది.

ఆ రాత్రి భోజనానంతరం ఆయన తన బసకు ఒక ఇంజినీరును పిలిపించారు. ఆ ఇంజినీరు పేరు అబ్దుల్ కలాం. చీవాట్లు తప్పవనుకుంటూ వెళ్లిన కలాంకు అక్కడ ఎదురైనవి ప్రశ్నలు మాత్రమే. పనిలో ఉత్సాహం తగ్గిందా, లక్ష్యం సరిపోలేదా, అడ్డుపడుతున్నది ఏది అని సారాభాయ్ ఒక్కొక్కటిగా అడుగుతూ, వింటూ పోయారు. చాలాసేపటికి అసలు సంగతి బయటపడింది. విద్యుత్ పరికరాలు చేసేవారు ఒకచోట, యాంత్రిక భాగాలు చేసేవారు మరోచోట, ఎవరి వేళకు వారు పనిచేస్తున్నారు. రెండింటినీ ఒకే కప్పు కింద కలిపి చూసే చోటు తుంబాలో లేదు. తెల్లవారుజాము కాకముందే రాకెట్ ఇంజినీరింగ్ విభాగం ఏర్పాటుకు నిర్ణయం జరిగిపోయింది.

ఈ ఉదంతాన్ని కలాం తన ఆత్మకథలో తలచుకున్నారు. భారత అంతరిక్ష కార్యక్రమ పితామహునిగా సారాభాయ్‌ను దేశమంతా ఎరుగును. ఆయన పేరు చెప్పగానే రాకెట్లు, ఉపగ్రహాలు గుర్తుకు వస్తాయి. అయితే ఆయన ఆయుష్కాలంలో భారతీయ ఉపగ్రహం ఏదీ కక్ష్యలోకి చేరలేదు. ఆయన విడిచిపోయినవి సంస్థలు, ఆ సంస్థల్లో మాట వినిపించుకోవడానికి అలవాటుపడిన మనుషులు. పైస్థాయిలో కూర్చున్నవాడు కిందివారి మాట వినడం మర్యాదకు సంబంధించిన విషయమని లోకం అనుకుంటుంది. సారాభాయ్‌కు అది సమాచారం సేకరించే పద్ధతి, నిర్ణయానికి ముందుమెట్టు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే అహ్మదాబాద్‌లోని ఒక సంపన్న గృహంలోకి, ఆయన పుట్టుకకు ఏడాది ముందు కాలంలోకి వెళ్లాలి.

1918 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అహ్మదాబాద్ నూలు మిల్లుల్లో పెద్ద వివాదం నడిచింది. ధరలు మండిపోతున్న రోజులవి. ప్లేగు భత్యం నిలిపివేతతో నష్టపోయిన నేత కార్మికులు మహాత్మా గాంధీ సలహాపై వేతనంలో 35 శాతం పెంపు కోరారు. యజమానుల పక్షాన ముందు నిలిచినవాడు అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన గాంధీకి కుడిభుజంగా నిలిచినది అంబాలాల్ సొంత అక్క అనసూయ. గాంధీ నిరాహారదీక్షతో, మధ్యవర్తిత్వానికి ఇరుపక్షాలూ అంగీకరించడంతో సమ్మె ముగిసింది. విశేషమేమిటంటే ఆ అక్కాతమ్ముళ్ల బంధం తెగలేదు. మిల్లు గేటు వద్ద ఎదురెదురుగా నిలిచినవారు ఇంట్లో ఒకరి మాట ఒకరు వినగలిగారు. 1920లో అనసూయ ప్రధాన పాత్రతో మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం ఏర్పడి, సంప్రదింపులకూ మధ్యవర్తిత్వానికీ పేరుపడింది. అంబాలాల్, సరళాదేవి దంపతులకు 1919 ఆగస్టు 12న పుట్టిన విక్రమ్ పెరిగిన ఇల్లు ఇది. మేనత్త కార్మిక నాయకురాలు, తండ్రి మిల్లు యజమాని. ఒకే విషయానికి రెండు నిజాలు ఉండవచ్చునని ఆ పిల్లవాడికి ఎవరూ పాఠంగా చెప్పనవసరం లేకపోయింది.

ఎనిమిది మంది సంతానానికి తల్లిదండ్రులు ఇంటి ఆవరణలోనే బడి నడిపారు. మాంటిస్సోరి పద్ధతి ప్రభావంతో సాగిన ఆ చదువులో పిల్లల ఆసక్తిని గమనించి, దానివెంట ఉపాధ్యాయుడు నడవడం పరిపాటి. విక్రమ్‌కు యంత్రాలపై మక్కువ అని గుర్తించి ఇంట్లోనే చిన్న వర్క్‌షాపు ఏర్పరచారు. గుజరాత్ కాలేజీలో కొంతకాలం చదివి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, 1940లో ప్రకృతి శాస్త్రాల్లో పట్టా పొందారు. యుద్ధం కారణంగా స్వదేశానికి వచ్చి, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి.వి. రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన ప్రారంభించారు. హోమీ భాభాతో పరిచయం అక్కడిదే. 1942లో నర్తకి మృణాళినీ స్వామినాథన్‌ను వివాహమాడారు. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జికి వెళ్లి 1947లో డాక్టరేట్ పూర్తిచేసి తిరిగివచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది.

ఆ ఏడాది నవంబరులోనే అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధన ప్రయోగశాల వెలిసింది. కళాశాలకు చెందిన ఒకటి రెండు గదుల్లో మొదలైన ఆ సంస్థకు వాతావరణ శాస్త్రంలో పేరుమోసిన కె.ఆర్. రామనాథన్ తొలి డైరెక్టరు. తాను స్థాపించిన సంస్థకు తనకంటే చాలా పెద్దవాడైన శాస్త్రవేత్తను అధిపతిగా నిలిపి, ఆయన సలహా వింటూ పనిచేయడం యువ సారాభాయ్ స్వభావాన్ని తెలుపుతుంది. తరువాతి కాలంలో ఇస్రో అధ్యక్షుడైన యు.ఆర్. రావు ఆ ప్రయోగశాలలో సారాభాయ్ శిష్యుడే.

అయితే మనుషుల మాట వినడాన్ని ఒక శాస్త్రంగా ఆయన నేర్చుకున్నది విశ్వకిరణాల వద్ద కాదు, నూలు మిల్లుల వద్ద.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోనే అహ్మదాబాద్ మిల్లు యజమానులు ఉమ్మడిగా ఒక పరిశోధన సంఘాన్ని నెలకొల్పారు. దాని పొడి పేరు అటిరా. కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ వంటి పారిశ్రామికవేత్త వెనుక నిలవగా, దాన్ని నిర్మించే బాధ్యత సారాభాయ్‌పై పడింది. 1956 వరకు ఆ బాధ్యత మోశారు. ఆయనకు వస్త్ర సాంకేతికతలో శిక్షణ లేదు. ఆయన ఎంపిక చేసుకున్న యువ శాస్త్రవేత్తల్లోనూ చాలామందికి మిల్లు అనుభవం లేదు. మూడు తరాలుగా మిల్లులు నడుపుతున్నవారికి ఇది వింతగా తోచడం సహజం. మగ్గం ముట్టనివాళ్లు మాకేం చెబుతారన్న సందేహం యజమానుల్లోనూ, మేనేజర్లలోనూ, షెడ్డుల్లో మేస్త్రీల్లోనూ ఉండేది.

ఈ అవిశ్వాసాన్ని సారాభాయ్ ఎదుర్కొన్న తీరు గమనార్హం. పరిశోధన ఫలితాలను నివేదికలుగా అచ్చువేసి పంపితే మిల్లులు వాటిని బీరువాలో పెడతాయని ఆయన గ్రహించారు. ఒక కొత్త పద్ధతిని మిల్లు ఎందుకు స్వీకరిస్తుంది, ఎందుకు నిరాకరిస్తుంది అన్నదే ఒక పరిశోధనాంశం కావాలని భావించారు. ఆ రోజుల్లో వస్త్ర పరిశోధన సంస్థలో రసాయన శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త ఉంటారు. సారాభాయ్ మనస్తత్వ శాస్త్రజ్ఞులను కూడా చేర్చారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన కమలా చౌధరి ఆ విభాగానికి నేతృత్వం వహించారు. పర్యవేక్షకుడికీ కార్మికుడికీ మధ్య సంబంధం ఎలా ఉంది, పనివారి మనోధైర్యం దేనిపై ఆధారపడుతుంది వంటి విషయాలు నూలు బలంతో సమానంగా పరిశీలనకు వచ్చాయి. పనివాడిని అడిగి తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉందని, దాన్ని పద్ధతి ప్రకారం వినాలని ఒక పారిశ్రామిక పరిశోధన సంస్థ గుర్తించడం ఆనాటి భారతదేశంలో కొత్త.

ఇదే కాలంలో సారాభాయ్ కుటుంబానికి చెందిన కాలికో మిల్లులో జరిగిన ఒక ప్రయోగాన్ని ప్రస్తావించక తప్పదు. దాని బాధ్యత విక్రమ్‌ది కాదు, ఆయన అన్న గౌతమ్‌ది. కానీ ఆ ఇంటి ఆలోచనావిధానం తెలియడానికి అది మంచి ఆధారం. మిల్లులో కొత్తగా స్వయంచాలిత మగ్గాలు బిగించారు. యంత్రాలు మేలైనవి, కార్మికులు నేర్పరులు. అయినా ఉత్పత్తి ఆశించినట్టు పెరగలేదు, గుడ్డలో లోపాలు తగ్గలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో పరిశీలనకు వచ్చారు. షెడ్డులో 224 మగ్గాలున్నాయి. పనిని పన్నెండు రకాల ముక్కలుగా విభజించి, తలొక ముక్క అప్పగించారు. తెగిన పోగు అతికేవాడు ఒకడు, కండెలు మార్చేవాడు మరొకడు, నూనె వేసేవాడు ఇంకొకడు. ఒకడి పని మరొకడి పనిపై ఆధారపడి ఉన్నా, వారంతా కలిసి ఒక జట్టు కాదు. తన జట్టు ఏదో, తన మాట చెప్పుకోవలసిన పెద్ద ఎవరో పనివాడికి తెలియని ఏర్పాటు అది.

కొంతమంది కలిసి కొన్ని మగ్గాలకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన పర్యవేక్షకులతో చర్చల్లో వచ్చింది. అది కార్మికుల చెవిన పడిన వెంటనే, ఎవరెవరు ఏ జట్టులో ఉండాలో వారే తేల్చుకున్నారు. 64 మగ్గాలకు ఏడుగురు చొప్పున జట్లు ఏర్పడ్డాయి. మొదట్లో కొన్ని ఒడిదుడుకులు ఎదురైనా క్రమేణా ఉత్పత్తి పెరిగింది, లోపాలు తగ్గాయి. యంత్రం మారలేదు, మనుషులు మారలేదు. పనివారు తమ పనిని ఎలా అమర్చుకోవాలనుకుంటున్నారో యాజమాన్యం విన్నది, అంతే. రైస్ రచన ద్వారా ఈ అహ్మదాబాద్ ప్రయోగం ప్రపంచవ్యాప్తంగా నిర్వహణ శాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశమైంది. మన దేశంలో దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం.

అటిరా అనుభవమే సారాభాయ్‌ను మరో దిశకు నడిపింది. మిల్లుల్లోనూ, ప్రభుత్వరంగ కర్మాగారాల్లోనూ లోటు యంత్రాలది కాదని, నిర్వాహకులదని ఆయన భావించారు. 1961 డిసెంబరులో అహ్మదాబాద్‌లో భారతీయ నిర్వహణ సంస్థ, అంటే ఐఐఎం, ఏర్పడినప్పుడు ఆయన గౌరవ డైరెక్టరుగా 1965 వరకు పనిచేశారు. కస్తూర్‌భాయ్, కమలా చౌధరి ఇక్కడా ఆయన వెంట ఉన్నారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలుతో సహకారం కుదిరింది. దానితోపాటు కేస్ పద్ధతి వచ్చింది. ఈ పద్ధతిలో అధ్యాపకుడు ఉపన్యసించడు. ఒక సంస్థకు వాస్తవంగా ఎదురైన చిక్కును విద్యార్థుల ముందుంచి, వారి వాదనలను విని, ఒకరి మాటకు మరొకరి మాట ముడివేస్తూ పోతాడు. బోర్డు వైపు తిరిగి రాసుకుపోయే గురువులకు అలవాటుపడిన దేశంలో, వినడమే బోధనగా సాగే తరగతి గది కొత్త అనుభవం. సారాభాయ్ ఈ విధానాన్నే ఎందుకు కోరుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఆయన సమావేశాలు కూడా ఇంచుమించు అలాగే నడిచేవి.

శాస్త్ర సంస్థల నిర్వహణపై ఆయనకు స్థిరమైన అభిప్రాయాలున్నాయి. పై నుంచి కిందికి ఆజ్ఞలతో నడిచే అదుపు పరిశోధనను చంపుతుందని, తోటి శాస్త్రవేత్తల విమర్శ రూపంలో సమస్థాయి అదుపు ఉండాలని ఆయన నమ్మారు. పాలనాధికారి పని శాస్త్రవేత్తకు అడ్డుతగలడం కాదు, అనువైన వాతావరణం కల్పించడం అన్నది ఆయన వాదన. ఇది నేటికీ మన ప్రభుత్వ పరిశోధనాలయాల్లో పూర్తిగా చెల్లుబాటు కాని మాట.

1962లో భాభా ప్రోత్సాహంతో భారత జాతీయ అంతరిక్ష పరిశోధన సమితి ఏర్పడి, సారాభాయ్ అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది రాకెట్ ఇంజినీరు పదవి కోసం బొంబాయిలో ఇంటర్వ్యూకు వచ్చిన యువకుల్లో కలాం ఒకరు. ఎదుట కూర్చున్నవారిలో సారాభాయ్, ఎం.జి.కె. మీనన్ ఉన్నారు. ఆ ఇంటర్వ్యూ తనకు వింతగా అనిపించిందని కలాం తరువాత రాసుకున్నారు. తనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో తూచే ప్రశ్నలు కాకుండా, తన లోపల ఇంకా ఏ అవకాశాలున్నాయో వెతికే ప్రశ్నలు సారాభాయ్ వేశారట. అభ్యర్థిని తప్పుపట్టాలని వినడం వేరు, అతడిలో ఏముందో తెలుసుకోవాలని వినడం వేరు. ఉద్యోగ నియామకాలు చేసే ప్రతివారికీ ఈ తేడా అనుభవపూర్వకంగా తెలుసు, పాటించేవారు తక్కువ.

రాకెట్ ప్రయోగ కేంద్రానికి తుంబాను ఎంచుకోవడానికి కారణం భూ అయస్కాంత మధ్యరేఖ. అది ఆ ప్రాంతం మీదుగా పోతుంది. ఎగువ వాతావరణంలోని విద్యుత్ ప్రవాహాల అధ్యయనానికి అంతకంటే అనువైన చోటు లేదు. చిక్కల్లా అక్కడ మత్స్యకారుల ఇళ్లు, వారి ఆరాధనాస్థలమైన సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి ఉండటమే. ప్రభుత్వ ఉత్తర్వుతో భూమి స్వాధీనం చేసుకోవడానికి చట్టం అడ్డురాదు. సారాభాయ్ ముందుగా బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను కలుసుకున్నారు. ఆ తరువాతి కథను కలాం ఎన్నో సభల్లో చెప్పారు. ఆయన చెప్పిన ప్రకారం, బిషప్ వెంటనే అవుననీ కాదనీ అనకుండా ఆదివారం ప్రార్థనకు రమ్మన్నారు. అక్కడ విశ్వాసుల ఎదుట విషయం వివరించి, వారి అభిప్రాయం అడిగారు. కాసేపటి నిశ్శబ్దం తరువాత జనం సమ్మతి తెలిపారు. వారికి మరోచోట ఇళ్లు, కొత్త చర్చి నిర్మాణం జరిగాయి. పాత చర్చి తుంబా కేంద్రానికి తొలి కార్యశాల, బిషప్ నివాసం తొలి కార్యాలయం అయ్యాయి. ఇప్పుడు ఆ చర్చి భవనం అంతరిక్ష ప్రదర్శనశాల.

తరతరాల ఊరు విడిచివెళ్లినవారి కష్టం ఒక్క ఆదివారపు సమ్మతితో తీరిపోతుందని చెప్పలేం. కానీ అడగకుండా తీసుకోగలిగిన చోట అడిగి తీసుకోవడం చిన్న విషయమూ కాదు. 1963 నవంబరు 21న, సంధ్యవేళ, అమెరికా ఇచ్చిన నైకీ అపాచీ రాకెట్ అక్కడి నుంచి లేచింది. ఫ్రాన్స్ పంపిన పరికరం నుంచి వెలువడిన సోడియం ఆవిరి ఆకాశంలో నారింజరంగు మేఘంగా పరుచుకుంది. రాకెట్ భాగాలను సైకిళ్లపై మోసుకెళ్లిన రోజులవి.

తుంబాలో సారాభాయ్ పనితీరు గురించి ఆనాటి సహచరులు చెప్పేవాటిలో ఒక సామాన్యాంశం కనిపిస్తుంది. ఆయన వచ్చారంటే ఏదో కొత్త పని మొదలవుతుందన్న సందడి. ఎవరి వయసెంత, హోదా ఏమిటి అన్నది చూడకుండా, పని చేస్తున్నవాడి నోట పని గురించి వినేవారు. విన్న తరువాత ఊరుకోకుండా, ఆ మనిషికే పెద్ద బాధ్యత అప్పగించేవారు. ఉపగ్రహ ప్రయోగ వాహనం ఎస్‌ఎల్‌వి రూపకల్పన సమయంలో నాలుగు దశలను నలుగురు నాయకులకు పంచారు. నాలుగో దశ కలాంది. దీనివల్ల పోటీ, కొంత చికాకు, కొంత పునరుక్తి తప్పలేదు. ఒకే సమస్యపై ఒకటికి మించిన బృందాలు పనిచేయడాన్ని ఆయన వృథాగా భావించలేదు.

తూర్పు తీరంలో ఉపగ్రహ ప్రయోగాలకు స్థలం వెతికినప్పుడు తెలుగునేల ఈ కథలోకి వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి 1969లో ఎంపికైంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ దీవి అడవుల్లో తరాలుగా బతికిన యానాదుల మాట తుంబా మత్స్యకారుల మాటంత ప్రచారంలోకి రాలేదు. సారాభాయ్ జీవితకథ చెప్పేవారు అక్కడ కాస్త ఆగవలసి ఉంటుంది.

1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన విమాన ప్రమాదంలో భాభా మరణించారు. ఆ మే నెలలో సారాభాయ్ అణుశక్తి సంఘం అధ్యక్ష బాధ్యత స్వీకరించారు. ఆయన పద్ధతికి అసలైన పరీక్ష ఇక్కడ మొదలైంది. అహ్మదాబాద్ సంస్థలు ఆయన తన చేత్తో నాటి పెంచినవి. ట్రాంబే అలా కాదు. అది భాభా ముద్ర పడిన విశాల వ్యవస్థ. పైగా దేశం ఎదుట ఒక కఠిన ప్రశ్న ఉంది. 1964 అక్టోబరులో చైనా అణుపరీక్ష జరిపింది. భారత్ బాంబు చేయాలా వద్దా? సారాభాయ్ వద్దన్నారు. బాంబు ఒక్కటే భద్రత కాదని, దాని వెనుక రావలసిన ఖర్చు, వ్యవస్థ దేశం మోయలేనివని ఆయన వాదన. ట్రాంబేలోని కొందరు అగ్ర శాస్త్రవేత్తలకు ఇది రుచించలేదు. ఎదుటివారి మాట వినడంలో పేరుపొందిన నాయకుడు తమ మాట వినడం లేదని వారికి అనిపించింది. వినడం అంటే అంగీకరించడం కాదన్న సంగతి నిజమే. కానీ విన్న తరువాత కాదన్నవాడు ఆ కాదనడాన్ని రోజూ ఎదుట ఉండి వివరించవలసి ఉంటుంది. అందుకు ఆయనకు సమయం ఎక్కడిది?

సమయమే ఆయన బలహీనత. బొంబాయిలో అణుశక్తి, తుంబాలో రాకెట్లు, అహ్మదాబాద్‌లో ప్రయోగశాల, ఢిల్లీలో మంత్రిత్వ శాఖలు. 1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఈసీఐఎల్ రూపుదిద్దుకుంది. దాన్ని నిర్మించినది పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన అయ్యగారి సాంబశివరావు. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. ఒకే మనిషి భుజాలపై ఇన్ని. ఆయనను కలవాలంటే విమానాశ్రయానికి వెళ్లే కారులో పక్కన కూర్చుని మాట్లాడటమే మార్గమైన సందర్భాలు ఉండేవి. కారులో వినడం కూడా వినడమే. కాని కారు దిగగానే మరొకరు ఎక్కుతారు, ముందు విన్నదానిపై చర్య తీసుకునే వ్యవధి తరిగిపోతుంది. 1970లో ఆయన ప్రకటించిన దశాబ్ద ప్రణాళిక 1980 నాటికి 2,700 మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యంగా పెట్టుకుంది. అది నెరవేరలేదు. అంచనాలు అతిగా ఉన్నాయన్న విమర్శ అప్పుడే వచ్చింది.

ఈ లోపాన్ని ఆయన అభిమానులు తేలికగా దాటవేస్తారు. అది న్యాయం కాదు. వినే నాయకుడికి తీరిక కూడా ఒక పనిముట్టు. బాధ్యతలు పెరిగిన కొద్దీ మనిషి వినే గుణం మిగిలినా, వినగలిగే గంటలు మిగలవు. సారాభాయ్ తరువాత అణుశక్తి, అంతరిక్షం వేరువేరు అధిపతుల చేతుల్లోకి వెళ్లాయి. 1972లో అంతరిక్ష శాఖ ప్రత్యేకంగా ఏర్పడింది. సతీష్ ధావన్ ఇస్రో పగ్గాలు చేపట్టి, బెంగళూరు కేంద్రంగా, స్పష్టమైన ప్రాజెక్టు నిర్మాణంతో, సమీక్షా సంఘాలతో సంస్థను పునర్వ్యవస్థీకరించారు. సారాభాయ్ చెవిలో జరిగిన పని ధావన్ కాలంలో సంఘాల ద్వారా జరిగింది. ఎస్‌ఎల్‌వి-3 బాధ్యత కలాంకు అప్పగించినదీ ధావనే. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఆ వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది.

సారాభాయ్ మనసుకు దగ్గరైన మరో పని రాకెట్లకంటే నేలకు దగ్గరిది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చేర్చాలన్నది ఆయన కల. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో కృషి దర్శన్ కార్యక్రమం సామూహిక టీవీ సెట్లతో మొదలైంది. 1969 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగానికి ఒప్పందం కుదిరింది. అది 1975 ఆగస్టు 1న ఆరంభమై ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాల్లో సాగింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. హైదరాబాద్ కేంద్రం నుంచి తెలుగు, కన్నడ కార్యక్రమాలు తయారయ్యాయి. పంచాయతీ కార్యాలయం ముందో, బడి అరుగు మీదో కూర్చుని పల్లె జనం మొదటిసారి టీవీ చూశారు. సైట్ అని పిలిచిన ఈ ప్రయోగంలో ఒక విశేషముంది. కొన్ని గ్రామాల్లో సామాజిక శాస్త్ర పరిశోధకులు నెలల తరబడి నివాసముండి, జనం ఏం చూస్తున్నారో, ఏది అర్థమైందో, ఏది విసుగు పుట్టిస్తోందో విని రాసుకున్నారు. ఆకాశం నుంచి మాట్లాడే యంత్రానికి నేలమీద చెవి అమర్చారన్నమాట. అటిరాలో మిల్లు కార్మికుల కోసం మొదలైన అలవాటు ఇంత దూరం వచ్చింది. దాన్ని చూడటానికి సారాభాయ్ అప్పటికి లేరు.

1971 డిసెంబరు చివరి వారంలో ఎస్‌ఎల్‌వి రూపకల్పన సమీక్ష కోసం ఆయన తిరువనంతపురం వచ్చారు. రోజంతా ఇంజినీర్లతో చర్చలు, సాయంత్రం మళ్లీ చర్చలు. ఒక సమావేశం కోసం ఢిల్లీ వెళ్లిన కలాం తిరుగు ప్రయాణానికి ముందు విమానాశ్రయం నుంచి ఆయనతో ఫోనులో మాట్లాడి, ఆ సమావేశపు వివరాలు చెప్పారు. సారాభాయ్ అంతా విన్నారు. తాను బొంబాయికి బయలుదేరబోతున్నానని, తిరువనంతపురం విమానాశ్రయంలో దిగగానే అక్కడే తనకోసం వేచి ఉండమని చెప్పారు.

ఆ రాత్రి కోవళంలోని బసలో నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. తేదీ డిసెంబరు 30. వయసు యాభై రెండేళ్లు. కలాం విమానం దిగేసరికి ఆ వార్త విమానాశ్రయానికి చేరి ఉంది.